పలికెడి వస్త్రములు

మాఘమాసపు ఆదివారమున సూర్యాపేట దాటి విజయవాడ దారిన పోవు బాటసారికి దురాజుపల్లి పెద్దగట్టు కంట బడుటకు ముందే చెవిని బడును. రెండేండ్ల కొకమారు జరుగు లింగమంతుల స్వామి జాతరకు పల్లెపల్లెనుండి తరలివచ్చు యాదవులు భేరీలు మ్రోగించుచు, కటార్లు త్రిప్పుచు, ‘ఓ లింగా’ యని యెలుగెత్తి పిలుచుచు గట్టెక్కుదురు; ఆ భేరీధ్వనికిని, ఆ పిలుపునకును నడుమ ఎడతెగని సన్నని మ్రోత యొకటి కలసి వచ్చుచుండును. అది యే వాద్యమునుండి వెలువడుచున్నదో యని వారి చేతులవంక చూచి ప్రయోజనము లేదు. అది వారి బట్టలనుండి వచ్చుచున్నది.

ఆ బట్టను గజ్జెల లాగు అందురు. రంగుగుడ్డతో కుట్టిన వదులైన లాగు. దానిమీద వరుసలు వరుసలుగా గజ్జెలు. తొడిగినవాడు కదలక నిలుచున్నంతసేపు అది బట్ట, అడుగు వేసిన తోడనే వాద్యము. చేతిలోని వాద్యమును వాయించుట మానవచ్చును గాని ఒంటిమీది వాద్యమును మానుటకు వీలులేదు. కాలు కదిలినను, నడుము వంగినను, ప్రక్కవానికి దారి యిచ్చుటకై కొంచెము తొలగినను అది పలుకక మానదు. కావున లాగు తొడిగినవానికి నడకయే తాళము కావలసివచ్చును. భేరి దరువునకు అడుగు వెనుకబడినచో ఆ తప్పిదమును మరియొకరు చూపనక్కరలేదు, వాని తొడలమీదినుండియే అది పదుగురికి వినబడును. 2025లో ఫిబ్రవరి 16 నుండి 20 వరకు జరిగిన జాతరలోను, అంతకు ముందటి జాతరలలోను, కేసారమునుండి దేవతామూర్తుల దేవరపెట్టె గట్టునకు వచ్చిన నాటినుండి చంద్రపట్నము, నెలవారము అను తంతులు ముగిసి, మకరతోరణము సూర్యాపేటకు మరలువరకు ఆ మ్రోత ఆ గట్టును విడువలేదు.

వేదికమీద నిలుచువారి వేషధారణమును గూర్చి మాటలాడునప్పుడు రంగును, జరీని, నగలను గూర్చి మాటలాడుట మనకు పరిపాటి. అవి కంటికి సంబంధించినవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పాడినవారు, ఆడినవారు, వాయించినవారు ఏమి కట్టుకొనిరో విచారింపబూనిన నాకు మాత్రము అన్నిటికంటె ముందు రెండు ప్రశ్నలు తోచినవి. ఆ బట్ట పలుకునా, పలుకదా? ఆ బట్ట కట్టుకొన్నవానిదా, కట్టబెట్టినవానిదా? ఈ ప్రాంతపు కళాకారుల చరిత్రలో నెక్కువ భాగము ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరిగినది.

పోలికకై ఒకమారు పడమటి దేశములకు పోవలసియున్నది. యూరపు వాద్యబృందములలో నూరుమంది వరకు వాదకులను ఒక్క చిన్న కోలతో నడిపించు నిర్దేశకుడు శ్రోతలకు వీపు చూపి నిలుచును. కనుక సభకు గనబడునది అతని ముఖము గాదు, నల్లని తోకకోటు వెనుకభాగము. తెల్లని చొక్కా, తెల్లని అరకోటు, తెల్లని మెడకట్టు, పైన నల్లకోటు: ఇది యంతయు పలుకకుండుటకు కుట్టిన దుస్తు. చేయి తలపైకెత్తినను భుజము పట్టకూడదు, గుడ్డ చప్పుడు చేయకూడదు, వాదకులలో నెవ్వడును రంగుచేత వేరుగా గనబడకూడదు. ధ్వనియంతయు వాద్యములదే, బట్టకు అందు పాలు లేదు. అయితే ఆ దుస్తు చరిత్రలో మన రెండవ ప్రశ్నకు చక్కని సమాధానము కలదు. జోసెఫ్ హైడెన్ 1761 మే 1న ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరునప్పుడు వ్రాసికొన్న ఒప్పందములో, అతడును అతని క్రింది వాదకులును ప్రభువు నిర్ణయించిన దుస్తులు ధరింపవలయుననియు, తెల్లని మేజోళ్లు, తెల్లని లోబట్టలు తొడిగి, తలకు పొడి రాచుకొని, జుట్టు జడగానో సంచిలోనో ముడిచి కొలువునకు రావలయుననియు నియమము కలదు. అంతటి సంగీతకర్త తలవెండ్రుకలు ఎట్లు ముడువవలయునో చెప్పు హక్కు యజమానిది. తరువాతి శతాబ్దిలో వాదకులు ప్రభువుల లోగిళ్లు విడిచి టికెట్టు కొన్న జనులముందు వాయింపసాగిన పిదప, ఆ సభలకు వచ్చు పెద్దమనుష్యులు సాయంకాలము ధరించు నల్లని తోకకోటునే తామును ధరించిరి. నేడు మనము దానిని చూచి ఆడంబరమనుకొందుము గాని, ఒకనాడది కొలువు దుస్తును విప్పివేసి శ్రోతతో సమానముగా నిలువగలిగిన మనుష్యుని గుర్తు. బొంబాయిలో 1936లో జన్మించిన జుబిన్ మెహతా ఆ కోటునే ధరించి లోకమందలి పెద్ద వాద్యబృందముల నెన్నింటినో నడిపించెను.

మన ప్రాంతమున పలుకు వస్త్రమునకు వయస్సు మిక్కిలి పెద్దది. సూర్యాపేటను ఆనుకొనియున్న పిల్లలమఱ్ఱిలో రేచర్ల నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయమును, 1208లో ఎరకసాని ప్రతిష్ఠించిన ఎరకేశ్వరాలయమును నేటికి నిలిచియున్నవి. ఆ గుడులు కట్టిన కాలమే కాకతి గణపతిదేవుని కాలము; గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళిని రచించినది ఆ శతాబ్ది నడుమ. మార్గనృత్తముతో తృప్తిపడక, జనులు వీథులలోను గుడిముంగిళ్లలోను ఆడుచుండిన దేశి నృత్తములకు తన గ్రంథమున పెద్దపీట వేసినందులకు ఆ సేనాపతికి మన జాతి ఋణపడియున్నది. ఆ దేశి నృత్తములలో పేరణి యొకటి. ఇంచుమించు ఆ కాలముననే దేవగిరిలో సంగీతరత్నాకరమును వ్రాసిన శార్ఙ్గదేవుడును దానిని వర్ణించెను: పేరణి నర్తకుడు ఒడలెల్ల తెల్లని పూత పూసికొని, శిరము గొరిగించి శిఖను మాత్రము నిలుపుకొని, పిక్కలకు గజ్జెల పేరులు కట్టుకొని రంగమున బ్రవేశించును. పేరణికి చెప్పిన ఐదంగములలో మొదటిది ఘర్ఘరము, అనగా పాదవిన్యాసముచేత గజ్జెలను రకరకములుగా పలికించుట. వేషమునకు సంబంధించిన వస్తువును పలికించుట ఒక విద్యగా, ఆ నృత్తమునకు మొదటి యంగముగా శాస్త్రకారులు పరిగణించిరి. అన్ని గజ్జెలను ఒక్కుమ్మడి మ్రోగించుట యెవ్వరికైన చేతనగును. ఒక కాలి గజ్జెలు పలుకుచుండ రెండవ కాలివానిని మౌనముగా నుంచుటలో అభ్యాసమంతయు తెలియును.

ఆ తరువాతి శతాబ్దులలో పలుకు బట్ట ఒంటిమీద నొకచోటనుండి మరియొకచోటికి మారుచు వచ్చినది గాని పోలేదు. హరికథకునకు గజ్జెలు పాదములకు దిగినవి. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) విజయనగరమునుండి తెలుగు దేశమంతటికిని దిద్దిపెట్టిన ఆ రూపము నల్లగొండ సీమకును శ్రీరామనవమి పందిళ్లతోబాటు వచ్చినది: పట్టుపంచె, నడుమునకు బిగించిన ఉత్తరీయము, మెడలో పూలమాల, చేత చిరుతలు, కాళ్ల గజ్జెలు. ఒక్క మనుష్యుడే రాముడు, రావణుడు, హనుమంతుడు కావలసిన చోట వేషము మార్చుకొనుటకు వ్యవధి యుండదు. ఆ పనిని గజ్జెలు చేయును. రాముని నడకకు నెమ్మదిగా, హనుమంతుని దూకుడునకు జల్లుమని పలికి పాత్రను పాత్రనుండి వేరుచేయును.

జంగముకథలో ఆ ధ్వని చేతికెక్కినది. తంబురను భుజముమీద వాల్చుకొని మీటుచు కథ చెప్పు జంగముల కుడిచేతి బొటనవ్రేలికి ఒకటి, తక్కిన వ్రేళ్లకు ఒకటి యందెలుండును. లోపల గుల్ల, ఆ గుల్లలో గులకలు. చూచుటకు ఆభరణము, కొట్టుకొన్నప్పుడు తాళము. ప్రక్కన నిలిచినవారికి గుమ్మెటలు. ఈ జంగముకథయే తరువాత బుర్రకథ యైనది, ఆ బుర్రకథయే ఈ మూడు పట్టణముల ప్రాంతమున నొక రాజ్యమును కలవరపెట్టినది. ఆ సంగతిని చెప్పుటకు ముందు దొరల గడీముందర మనుష్యులెట్లు నిలుచుండిరో చెప్పవలయును.

నిజాము రాజ్యమున బట్ట ఎవరిదన్న ప్రశ్నకు సమాధానము పైనుండి క్రిందివరకు నిర్ణీతమై యుండెను. హైదరాబాదు దర్బారునకు పోవువాడు షేర్వాణీ తొడిగి, తలకు దస్తారు పెట్టి, నడుమునకు బగ్లూసు బిగింపక పోరాదు. ఆ దర్బారు మర్యాదకు నకలుగా తాలూకాలలో గడీల మర్యాద యుండెను. గడీముందుకు వచ్చువాడు తలరుమాలు విప్పి నడుమునకు చుట్టుకొనవలయును, చెప్పులు చేత బట్టుకొనవలయును. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడు దేశముఖు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర యెకరముల భూమి యుండెనని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు వ్రాయుచున్నవి. అటువంటి గడీలకు పెండ్లికిని, పండుగకును, దొర ప్రయాణమునకును డప్పు కొట్టుట వెట్టి. కూలి లేదు. డప్పు తనది, చేయి తనది, కాని తలమీది రుమాలు తనది కాదు. వాయించుచున్నంతసేపు తల వంచి, రుమాలు విప్పి నిలువవలసిన వాదకుని వేషము హైడెన్ ఒప్పందములోని మేజోళ్లవలె ఎక్కడను కాగితముమీద వ్రాయబడలేదు గాని, అంతకంటె గట్టిగా అమలైనది.

ఇటువంటి యూళ్లలోనికి 1940 తరువాత బుర్రకథ వచ్చెను. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆంధ్రప్రాంతమున జంగముకథను నూతన విషయములతో నింపగా, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో బుట్టిన షేక్ నాజరు దానికి సంగీతమును, అభినయమును, వేషమును దిద్దితీర్చెను. పొడవైన అంగరఖా, నడుమునకు దట్టి, తలకు తురాయి పాగా, కాళ్లకు గజ్జెలు, చేతి కందెలు, భుజమున తంబుర. ఒక ప్రక్కన హాస్యము చెప్పువాడు, మరియొక ప్రక్కన రాజకీయము చెప్పువాడు. కథకుని యా వేషము వీరునిది, రాజుది. పల్నాటి వీరులను, బొబ్బిలి వీరులను కీర్తించుటకు ఏర్పడిన దుస్తు అది. ఆ దుస్తునే ధరించి పాలేరు కొడుకో, చిన్న రైతో ఊరినడుమ దీపము ముందర నిలిచి, తలపాగా విప్పక, నడుము వంచక, కూలివాని కష్టములను వీరగాథగా చెప్పుచుండ వినుచున్నవారి మనస్సులలో నేమి జరిగియుండునో ఊహించుట కష్టము కాదు. గడీముందు రుమాలు విప్పు అలవాటు గల తలలు ఆ తురాయి పాగాను చూచినవి. కథలోని మాట చెవికెక్కుటకు ముందే ఆ పాగా తన మాట తాను చెప్పియుండును. నిజాము ప్రభుత్వమును, మద్రాసు ప్రభుత్వమును బుర్రకథను నిషేధించుటకు కారణము కథలలోని మాటలే యని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ కారణములలో ఆ తలపాగా కూడ నొకటి యని నేను నమ్ముదును.

కోదాడ ప్రాంతమునకు ఇందొక విశేష ముండెను. సూర్యాపేటకును కోదాడకును నడుమనున్న మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే యైనను, తాను మాత్రము కృష్ణా జిల్లాకు, అనగా బ్రిటిషు ఏలుబడికి, చెందియుండెను. పిమ్మటగాని నల్లగొండ జిల్లాలో కలియలేదు. ఒక యెల్ల దాటినచో ఒక సర్కారు ఉత్తరువు చెల్లదు, మరియొక యెల్ల దాటినచో మరియొక సర్కారుది చెల్లదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావును దివానుగా నిలుపుకొని, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును, పిమ్మట విజ్ఞానచంద్రికామండలికిని అండయైన నాయని వెంకటరంగారావు ఆ మునగాల రాజే యగుట, ఆ రాజ్యమునందే 1930 తరువాత రైతులు జమీందారీపై పోరాడుట, ఈ చిన్న పరగణా చరిత్రలో వెలుగును నీడయు పెనవైచికొన్న తీరును దెలుపును. చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది కూడ ఈ సీమలోనే. కూలీ, రైతు, గుమస్తా, వకీలు ఒకే పందిరి క్రింద కూర్చుండిన ఆ సభలలో షేర్వాణీయు, ఖద్దరు చొక్కాయు, గొంగడియు ప్రక్కప్రక్కన గనబడెడివి.

గొంగడి యనగానే సుద్దాల హనుమంతు (1908–1982) జ్ఞప్తికి వచ్చును. ఆయన త్రోవ నాజరు త్రోవకు ఎదురుదిక్కుది. హైదరాబాదులో సర్కారు కొలువు విడిచి ఆంధ్రమహాసభ సంఘములో చేరిన యీ కవి జనులమధ్యకు పోవునప్పుడు రాజవేషమును గాక గొల్లసుద్దుల రూపమును చేపట్టెను: భుజమున గొంగడి, తలకు రుమాలు, చేత కర్ర, కాళ్లకు గజ్జెలు. నల్లగొఱ్ఱె ఉన్నితో కురుమలు నేయు గొంగడి చలికి దుప్పటి, వానకు కొప్పెర, రాత్రికి పరుపు. చింతగింజల గంజి పెట్టి నేయుటచేత మొదట బిరుసుగా నుండి వాడిన కొలది మెత్తబడును. దానిని భుజమున వేసికొని నిలిచినవానిని ఊరివారు కళాకారుడని గుర్తించుటకు ముందు గొల్లవాడని గుర్తింతురు, తమవాడని గుర్తింతురు. పోలీసువాడును వానిని మందవెంట పోవువానిగానే చూచును. బుర్రకథకుడు తన బట్టను తన జనముకంటె ఎత్తున నిలుపగా, సుద్దులు చెప్పువాడు తన బట్టను తన జనములో కలిపివేసెను. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమునకు ఈ రెండు వేషములును పనికివచ్చినవి. ఏది గొప్పదని యడిగినచో నేను చెప్పలేను గాని, పాడువానికిని వినువానికిని నడుమ గోడ తీసివేయుటలో గొంగడికి మించిన దుస్తు తెలుగునాట పుట్టలేదని మాత్రము చెప్పగలను.

గుడిలో సన్నాయి, డోలు వాయించు నాయీబ్రాహ్మణుల వేషము వేరొక న్యాయమును బట్టి నడచినది. కృష్ణ యొడ్డున మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిలోను, మిర్యాలగూడ దాపున కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లిలోను మేళము దేవుని యెదుట పంచెకట్టుతో, ఉత్తరీయము నడుమునకు చుట్టి నిలిచి వాయించునదే గాని చొక్కా తొడిగి కూర్చుండునది కాదు. దక్షిణదేశమందంతటను ఇదియే ఆచారము. తంజావూరు సీమకు చెందిన తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) క్రాపు పెట్టి, కోటు తొడిగి, వేదికమీద కూర్చుండి నాగస్వరము వాయించినప్పుడు సంప్రదాయజ్ఞులు ఉలికిపడిరి. ఆయన చేసినది దేవుని యెడ అపచారము గాదు, మనుష్యులు దేవుని పేర పెట్టుకొన్న ఎక్కువతక్కువలను దాటుట.

ఇక పలుకని బట్ట కోదాడకును మిర్యాలగూడకును వచ్చిన కథ బ్యాండుమేళము కథ. కంపెనీ పటాలములతోడను, నిజాము సైన్యముతోడను ఈ దేశమునకు వచ్చిన ఇత్తడి వాద్యములు దండు విడిచి పెండ్లి పందిరిని జేరినప్పుడు దండు దుస్తును గూడ వెంట దెచ్చుకొన్నవి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలలోనికి నీరు విడువబడిన పిదప ఎడమకాలువ క్రింది మెట్టభూములు వరిపొలములైనవి, మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు వరుసలు దీరినవి. చేతిలో రూకలు ఆడిన యింట పెండ్లి ఊరేగింపు పెద్దదగుట సహజము గనుక బ్యాండుసెట్లకును గిరాకి పెరిగినది. ఆ వాదకుని కోటును దగ్గరనుండి చూడుడు. ఎర్రని గుడ్డ, అంచులకు జరీ పట్టీ, భుజములమీద కుచ్చులు, ఎదమీద రెండు వరుసల మెరుపు బొత్తాములు, తలకు అంచుటోపి. ఆ కోటు ఏ యొక్కని యొంటికిని కొలిచి కుట్టినది కాదు. ఆ దినము ఎవ్వడు పనికి వచ్చిన వాడు తొడుగును, కాబట్టి ఒకనికి చేతులు పొడవై వ్రేళ్లను కప్పును, మరియొకనికి భుజము ఇరుకై బాకా ఎత్తుట కష్టమగును. వైశాఖ ముహూర్తములలో తారురోడ్డుమీద ఆ దళసరి కోటు తొడిగి, పెట్రోమాక్సు దీపముల నడుమ, తరువాతికాలమున జనరేటరు విద్యుద్దీపముల నడుమ గంటల తరబడి వాయించువాని శ్రమకు ఆ బట్ట ఏ మాత్రము తోడ్పడదు. గజ్జెల లాగు తొడిగినవానితోకూడ పాడును. ఈ కోటు తొడిగినవానిమీద బరువుగా నుండును. అయినను ఆ కోటు వానికి ఒక మేలు చేసినది. ఊరిలో ఏ కులమువాడో అందరికి దెలిసిన డప్పు వాదకుని వలె గాక, కోటు, టోపి తొడిగిన బ్యాండువాడు పట్టణమున పేరుగల కొలువుగాడుగా గనబడెను. రుమాలు విప్పుమని టోపివానితో నెవ్వడు అనగలడు? యూరపున తోకకోటు చేసిన పనినే ఇచ్చట ఆ జరీపట్టీ కోటు కొంతవరకు చేసినది.

పడమటి వాద్యబృంద నిర్దేశకునకు సరియైనవాడు మన యూళ్లలో గలడనినచో అతడు బ్యాండు మాస్టరే. క్లారినెట్టునో బాకానో చేతబట్టి, తన వారివైపు తిరిగి వెనుకకు అడుగులు వేయుచు, కనుసన్నతో డ్రమ్మును ఆపి, తలయూపుతో తరువాతి పాటను ఎత్తుకొనజేయును. పెండ్లికొడుకు గుఱ్ఱమో కారో ఆగినప్పుడు పాటను సాగదీయవలయును, మలుపు వచ్చినప్పుడు తేల్చవలయును. పుస్తకము లేదు, కోల లేదు. అతని కోటు రంగు తక్కినవారిదానికంటె వేరుగా నుండుట కలదు, ఒక్కొక్కచోట టోపికి కుచ్చు అదనముగా నుండును. అది అలంకారము కాదు. జనసమ్మర్దములో, మతాబుల పొగలో వెనుకవరుస డోలువానికి తన మాస్టరు ఎక్కడనున్నాడో తెలియుటకు ఆ రంగే ఆధారము.

ఈ పట్టణములలో ఆర్కెస్ట్రా యనినచో జనులకు స్ఫురించునది సినిమాపాటలు పాడు బృందము. గణేశ నవరాత్రుల పందిళ్లలో, కళాశాలల వార్షికోత్సవములలో వారు మొదట సఫారీలు, పిదప తళుకుకోట్లు తొడిగి పాడిరి. వారందరును ఎవరి పాటలను పాడిరో ఆ ఘంటసాల (1922–1974) తాను మాత్రము తెల్లని పంచెతో, తెల్లని జుబ్బాతో, భుజమున ఉత్తరీయముతో వేదిక నెక్కెడివాడు. ఆయన వెనుక వాయులీనములు, గిటారులు, కాంగా డ్రమ్ములు. ఆయన యొంటిమీద పల్లెటూరి పెద్దమనుష్యుని తెలుపు. ఆ తెలుపునకు ఏ తళుకుకోటును సాటిరాలేదు.

గొంగడిని, గజ్జెను తిరిగి ఒకేచోట గూర్చినవాడు గద్దరు. 1970ల నుండి 2023 ఆగస్టులో మరణించువరకు ఆయన గోచిపంచెతో, గొంగడితో, కాలి గజ్జెతో, చేత కర్రతో నిలిచిన రూపము తెలుగు జనులందరికిని పరిచితమే. హనుమంతు సుద్దులనుండియు, ఒగ్గు కళాకారుల ఆటనుండియు పుట్టిన వేషమది. మైకు ముందర ఆయన పాట నాపి ఒక్క కాలిని నేలకు కొట్టినప్పుడు పలికిన గజ్జెయే వేలమందికి చరణముల నడుమ విరామ మయ్యెడిది. తెలంగాణ యుద్యమపు ధూంధాం వేదికలమీద సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో పాడిన యువకులలో ఎందరో ఆ వేషమునే తమదిగా చేసికొనిరి.

ఇక్కడ నాకు గట్టిగా చెప్పవలసినది యొకటి కలదు. నటరాజ రామకృష్ణ (1923–2011) కాకతీయుల నాటి పేరణిని పునరుద్ధరించుటకు జాయపుని గ్రంథమును, రామప్ప గుడి శిల్పములను ఆశ్రయించెను. నర్తకుల కట్టును, నగలను, గజ్జెలను ఆ రాతిబొమ్మలను చూచి తీర్చెను. ఆ మహనీయుని కృషి లేకున్న పేరణి పేరు గ్రంథములలోనే యుండిపోయెడిది. అయితే రాయి పలుకదు. రాతి నర్తకుని పిక్కమీది గజ్జెలవరుస ఎంత బరువుండెనో, ఒక అడుగులో ఎన్ని పలికెనో, ఎన్నింటిని ఊరకుంచెనో శిల్పము చెప్పజాలదు. పిల్లలమఱ్ఱి గుడులకు కొలది దూరములో, వాటిని కట్టిన ప్రభువుల వంశములు పోయిన యెన్నో శతాబ్దుల తరువాత, రెండేండ్ల కొకమారు మాఘమాసమున మనుష్యులు గజ్జెల లాగులు తొడిగి భేరి దరువునకు అడుగు కలుపుచున్నారు. ఆ లాగును కుట్టువారున్నారు, తొడుగువారున్నారు, తండ్రి అడుగును చూచి అడుగు వేయ నేర్చుకొను పిల్లలున్నారు. ఈ మూడు పట్టణముల నడుమ నృత్యమును, సంగీతమును బోధించువారు, విశ్వవిద్యాలయములలో పరిశోధించువారు గ్రంథమును, శిల్పమును ఎంత శ్రద్ధగా చదువుదురో అంత శ్రద్ధగా ఆ లాగును చేతబట్టి చూడవలయును. దానిని కుట్టువాని యొద్ద కూర్చుండి గుడ్డ యేది, గజ్జె యేది, వరుసకును వరుసకును ఎడమెంత, పాత లాగునుండి క్రొత్త లాగునకు ఏవి మారినవి అని అడిగి వ్రాసికొనవలయును. తొడిగినవాని ప్రక్కన నడచి ఆ మ్రోతను వినవలయును. రాబోవు జాతరకు ఆ పని మొదలుపెట్టుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.